లివర్ నుంచి బటన్‌కు: ఆఫ్‌రోడ్ వాహనాల్లో ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేక్ లోపాలు, వారంటీ వివాదాలు – ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

వాహనాన్ని నిలిపిన చోట కదలకుండా ఉంచే బ్రేకు శతాబ్దానికి పైగా చేతితో లాగే లివర్‌గానే ఉండేది. 21వ శతాబ్దం తొలి సంవత్సరాలలో అది బటన్‌గా మారింది. ఈ మార్పుతో బ్రేకు చెడిపోయే తీరూ, చెడిపోయిందని నిరూపించే తీరూ మారిపోయాయి. 2004లో వెలువడిన ల్యాండ్ రోవర్ డిస్కవరీ 3 వాహనాన్ని ప్రధాన ఉదాహరణగా తీసుకొని, బ్రిటన్, అమెరికా, భారతదేశాలలో వారంటీ చట్టాలు నడిచిన దారిని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. లోపానికి సంబంధించిన జ్ఞానం కొనుగోలుదారు చేతి నుంచి తయారీదారు యంత్రానికి తరలిపోవడమే ఈ వివాదాలకు మూలమని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: పార్కింగ్ బ్రేక్, ఆఫ్‌రోడ్ వాహనాలు, వారంటీ, వినియోగదారుల చట్టాలు, రుజువు భారం, రీకాల్, సాంకేతిక చరిత్ర.

1. ఉపోద్ఘాతం

సాంకేతిక చరిత్రను సాధారణంగా ఆవిష్కరణల చరిత్రగా రాస్తారు. ఎవరు కనుగొన్నారు, ఎప్పుడు కనుగొన్నారు, ఎంత వేగంగా వ్యాపించింది అన్నవే అందులోని ప్రశ్నలు. వస్తువు చెడిపోయినప్పుడు ఏం జరిగింది, ఆ నష్టం ఎవరి మీద పడింది అన్న ప్రశ్నలు అరుదుగా వినిపిస్తాయి. ఒక వస్తువుకూ సమాజానికీ ఉన్న సంబంధం అది పనిచేసేటప్పటికంటే, పనిచేయడం మానేసినప్పుడే స్పష్టంగా బయటపడుతుంది. అప్పుడే ఒప్పందపత్రం తెరుస్తారు, బాధ్యతను పంచుకుంటారు, కుదరకపోతే న్యాయస్థానానికి వెళ్తారు.

ఈ దృష్టితో చూసినప్పుడు పార్కింగ్ బ్రేకు చిన్న భాగమే అయినా పెద్ద చరిత్రను మోస్తున్నదని అర్థమవుతుంది. దానిని ఆఫ్‌రోడ్ వాహనాలకు పరిమితం చేసి పరిశీలించడానికి కారణం ఉంది. వాలు నేల, బురద, ఇసుక, నీరు ఉన్న చోట నిలబడగలగడమే ఈ వాహనాల ప్రత్యేకత. ఆ ప్రత్యేకతను చెప్పుకొని అమ్మిన వాహనంలో నిలబెట్టే బ్రేకే విఫలమైతే, అమ్మకపు మాటకూ వారంటీ మాటకూ మధ్య ఉన్న దూరం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

2. పూచీ, హామీ, వారంటీ: పదాల నేపథ్యం

తెలుగులో పూచీ, జామీను, హామీ అనే మాటలు చాలాకాలంగా వ్యవహారంలో ఉన్నాయి. వీటిలో జామీను, హామీ ఉర్దూ ద్వారా మనకు చేరిన అరబీ మూలపదాలు. ఈ మూడు మాటల వాడుకలో ప్రధానంగా ఒక మనిషి మరొక మనిషి తరఫున నిలబడటం కనిపిస్తుంది. అప్పు తీసుకున్నవాడు తీర్చకపోతే పూచీ పడ్డవాడు తీర్చాలి.

ఇంగ్లీషు నుంచి వచ్చిన వారంటీ, గ్యారంటీ అనే రెండు మాటలూ నిజానికి ఒకే మూలం నుంచి ఫ్రెంచి మాండలిక భేదం వల్ల రెండు రూపాలుగా చీలినవి. వీటిని మనం వస్తువుకు వాడుతున్నాం. 'ఈ బండికి మూడేళ్ల వారంటీ ఉంది' అన్నప్పుడు పూచీ పడిన మనిషి వాక్యంలోంచి తప్పుకున్నాడు, వస్తువు మిగిలింది. పూచీ అన్నప్పుడు 'ఎవరు?' అన్న ప్రశ్న వెంటనే పుడుతుంది. వారంటీ అన్నప్పుడు 'ఎంతకాలం?' అన్న ప్రశ్న పుడుతుంది. ఈ వ్యాసంలో చర్చించే వివాదాలన్నీ ఆ మొదటి ప్రశ్నను తిరిగి నిలబెట్టే ప్రయత్నాలేనని చెప్పవచ్చు.

3. చేతి లివర్ కాలం

రెండవ ప్రపంచ యుద్ధకాలపు విల్లీస్ జీపులోనూ, 1948లో ఆమ్‌స్టర్‌డామ్ ప్రదర్శనలో ఆవిష్కృతమైన ల్యాండ్ రోవర్‌లోనూ హ్యాండ్ బ్రేకు చక్రాల మీద పనిచేసేది కాదు. గేర్‌బాక్సు వెనుక తిరిగే షాఫ్టును పట్టుకొని ఆపేది. చక్రాల దగ్గర ఉండే బురదా నీళ్లూ దానిని అంతగా తాకవు. షాఫ్టుకూ చక్రానికీ మధ్య ఉన్న గేర్ల నిష్పత్తి వల్ల తక్కువ బలంతోనే బండి నిలుస్తుంది. ల్యాండ్ రోవర్ సంస్థ ఈ పద్ధతిని డిఫెండర్‌లోనూ, 1989లో వచ్చిన డిస్కవరీ తొలి రెండు తరాలలోనూ కొనసాగించింది.

అయితే ఆ పద్ధతి లోపరహితమేమీ కాదు. ఒక వెనుక చక్రాన్ని జాకీతో పైకి లేపినప్పుడు, మధ్య డిఫరెన్షియల్‌ను లాక్ చేయకపోతే బండి జాకీ మీంచి కదిలిపోయే ప్రమాదం ఉండేది. కాని ఆ ప్రమాదం బాహాటమైనది. నడిపేవారికి తెలుసు, మెకానిక్కుకు తెలుసు, చెప్పి నేర్పించదగినది. లివర్ ఎన్ని పళ్లు పైకి వస్తున్నదో చూసి, కేబుల్ వదులైందా, లైనింగ్ అరిగిందా అన్నది చేతితోనే అంచనా వేయగలిగేవారు. లోపాన్ని కనుగొనే సాధనం, బ్రేకు వేసే సాధనం ఒకటే.

చట్టం దృష్టిలో పార్కింగ్ బ్రేకు ఐచ్ఛిక సౌకర్యం కాదు. ఐక్యరాజ్యసమితి యూరప్ ఆర్థిక సంఘం రూపొందించిన 13-హెచ్ నిబంధన ప్రకారం, నిండు బరువుతో ఉన్న కారును 20 శాతం వాలు మీద ఎగువకైనా దిగువకైనా కదలకుండా అది పట్టి ఉంచాలి. కాబట్టి ఈ భాగంలో లోపం తలెత్తితే అది భద్రతకు సంబంధించిన లోపమే అవుతుంది.

4. బటన్ రాక: డిస్కవరీ 3 ఉదాహరణ

2001లో వచ్చిన బీఎండబ్ల్యూ 7 సిరీస్ వంటి ఖరీదైన కార్లతో విద్యుత్తుతో పనిచేసే పార్కింగ్ బ్రేకు ప్రచారంలోకి వచ్చింది. ఇందులో ప్రధానంగా రెండు రకాలు ఉన్నాయి. మొదటి రకంలో పాత కేబుళ్లే ఉంటాయి, వాటిని చేతికి బదులు మోటారు లాగుతుంది. రెండవ రకంలో కేబుళ్లు ఉండవు. వెనుక చక్రాల డిస్కును పట్టే కాలిపర్ మీదనే చిన్న మోటారు బిగించి ఉంటుంది. 2005 నాటి ఫోక్స్‌వ్యాగన్ పాసాట్ ఈ రెండవ రకానికి ప్రసిద్ధమైన ఉదాహరణ.

2004లో ల్యాండ్ రోవర్ విడుదల చేసిన డిస్కవరీ 3 మొదటి రకానికి చెందినది. షాఫ్టును పట్టే పాత బ్రేకును వదిలిపెట్టి, వెనుక చక్రాల డిస్కుల మధ్యభాగంలోనే చిన్న డ్రమ్మును ఏర్పరచి, దానిలోని బ్రేకు షూలను రెండు కేబుళ్ల ద్వారా ఒకే మోటారు లాగే ఏర్పాటు చేశారు. మోటారు, గేర్లు, నియంత్రణ పరికరం ఒకే పెట్టెలో వాహనం వెనుక భాగాన అడుగున ఉంటాయి. డ్రైవర్ స్విచ్చును ఎత్తగానే పరికరం కేబుల్‌ను లాగుతూ, కావలసినంత బలం చేరిందని గుర్తించగానే ఆగుతుంది. బండి ముందుకు కదిలితే తనంతట తానే విడుదల కాగలదు. విద్యుత్తు అందనప్పుడు వాడటానికి చేతితో లాగే అత్యవసర కేబుల్‌ను మధ్య కన్సోల్ కింద అమర్చారు.

నేల స్వభావాన్ని బట్టి వాహన ప్రవర్తనను మార్చే టెర్రైన్ రెస్పాన్స్ వ్యవస్థ ఈ వాహనంతోనే పరిచయమైంది. గాలి సస్పెన్షన్ ఉన్న నమూనా 700 మిల్లీమీటర్ల లోతు నీటిలో నడవగలదని సంస్థ ప్రకటించింది. సరిగ్గా ఆ నీరు, దానితో వచ్చే బురద, ఇసుక చేరే చోటికే పార్కింగ్ బ్రేకు తరలివెళ్లింది.

ఈ వాహన యజమానులకు బాగా పరిచితమైన లోపం ఒకటి ఉంది. బ్రేకు వేసేటప్పుడో విడిపించేటప్పుడో వెనుక నుంచి కీచుమనే పెద్ద శబ్దం వస్తుంది. ఆ తరువాత హెచ్చరిక దీపం వెలుగుతుంది. కొన్నిసార్లు బ్రేకు పట్టుకొని విడవదు, కొన్నిసార్లు అసలు పట్టదు. షూలకూ డ్రమ్ముకూ మధ్య ఖాళీ పెరిగితే మోటారు కేబుల్‌ను ఎక్కువ దూరం లాగవలసి వస్తుంది. ఎడమ, కుడి షూల సర్దుబాటు సమానంగా లేకపోయినా, డ్రమ్ములో బురద చేరినా అదే పరిస్థితి. తన పరిమితికి మించి లాగవలసి వచ్చినప్పుడు పరికరం దానిని లోపంగా నమోదు చేసి పనిచేయడం ఆపుతుంది, లేదా లోపలి భాగాలు దెబ్బతింటాయి.

ఇక్కడ గమనించవలసిన సాంకేతిక వైపరీత్యం ఒకటి ఉంది. పార్కింగ్ బ్రేకును బండి ఆగిన తరువాతే వేస్తారు కనుక, షూలు డ్రమ్ముకు రాసుకొని ఒదిగే అవకాశం తక్కువ. అందుకే కొత్త షూలు వేసినప్పుడు తక్కువ వేగంలో పలుమార్లు పార్కింగ్ బ్రేకుతోనే బండిని ఆపి వాటిని ఒదిగించే ప్రత్యేక ప్రక్రియ అవసరమవుతుంది. అంటే అరుగుదల వల్ల కంటే, తగినంత ఒదుగుదల, సర్దుబాటు లేకపోవడం వల్లనే సమస్య పుట్టవచ్చు. వారంటీ వివాదం మొత్తం ఈ సూక్ష్మభేదం మీదనే నడుస్తుంది.

5. వివాద స్వరూపం: అరుగుదలా, దుర్వినియోగమా, లోపమా?

తయారీదారు ఇచ్చే వారంటీలు సాధారణంగా ఒకే నమూనాలో ఉంటాయి. పదార్థంలోనో, తయారీలోనో లోపం ఉంటే ఆ భాగాన్ని ఉచితంగా బాగుచేస్తారు లేదా మారుస్తారు. సహజమైన అరుగుదలకు, నిర్వహణలో నిర్లక్ష్యానికి, దుర్వినియోగానికి వర్తించదు. బ్రేకు లైనింగులు అరిగే భాగాల జాబితాలో ఉంటాయి, ఎలక్ట్రానిక్ పరికరాలు ఉండవు.

పాత హ్యాండ్ బ్రేకు విషయంలో ఈ విభజన పెద్ద చిక్కు తేలేదు. ఎలక్ట్రానిక్ బ్రేకులో మాత్రం వారంటీ వర్తించని షూ చెడితే వారంటీ వర్తించే మోటారు చెడుతుంది. మోటారు చెడటానికి కారణం షూ సర్దుబాటు లేకపోవడమేనని డీలరు అంటే అది నిర్వహణ లోపం అవుతుంది. అంత చిన్న తేడాను తట్టుకోలేని విధంగా పరికరాన్ని రూపొందించారని యజమాని అంటే అది రూపకల్పన లోపం అవుతుంది. జరిగినది ఒకటే, దానికి పెట్టే పేరును బట్టి ఖర్చు భరించేవారు మారతారు.

ఆఫ్‌రోడ్ వాహనాలలో దీనికి మరొక పొర తోడవుతుంది. బురదలో నడపడం ఈ వాహనానికి సహజ వినియోగమా, అసాధారణ వినియోగమా? ప్రకటన చిత్రంలో వాహనం వాగు దాటుతుంది. యజమాని చేతిపుస్తకంలో వాగు దాటిన తరువాత బ్రేకులను శుభ్రం చేయించి, పరీక్ష చేయించాలన్న సూచనలు ఉంటాయి. మొదటిది అమ్మకపు భాష, రెండవది బాధ్యతను పరిమితం చేసే భాష. కొనుగోలుదారు మొదటిది చూసి కొంటాడు, వివాదం వచ్చినప్పుడు రెండవది అతని ముందుకు వస్తుంది.

అన్నిటికంటే ముఖ్యమైన మార్పు రుజువుకు సంబంధించినది. ఏ క్షణంలో ఏ లోపం నమోదైందో తెలియాలంటే వాహనంలోని లోపసంకేతాలను చదవాలి. పూర్తి స్థాయిలో వాటిని చదివే పరికరం సాధారణంగా అధీకృత వర్క్‌షాపులో ఉంటుంది. అంటే వివాదంలో ప్రతివాదిగా నిలవవలసినవారే సాక్ష్యానికి సంరక్షకులు కూడా. లివర్ కాలంలో కొనుగోలుదారుకూ మెకానిక్కుకూ సమానంగా అందిన జ్ఞానం, బటన్ కాలంలో ఒక పక్షానికే పరిమితమైంది.

6. బ్రిటన్, అమెరికా చట్టాల పరిణామం

ఈ అసమానతను చట్టాలు క్రమంగా గుర్తించాయి. బ్రిటన్‌లో ఇందుకు పునాది వేసిన తీర్పులలో ఒకటి ఆఫ్‌రోడ్ వాహనానికి సంబంధించినదే కావడం విశేషం. 1987 న్యాయ నివేదికలలో చోటు చేసుకున్న రోజర్స్ వర్సెస్ పారిష్ కేసులో, సుమారు 16,000 పౌండ్లు పెట్టి కొన్న కొత్త రేంజ్ రోవర్‌లో లోపాలు బయటపడ్డాయి. బదులుగా ఇచ్చిన రెండవ వాహనంలోనూ ఇంజన్, గేర్‌బాక్స్, బాడీ లోపాలు తొలగలేదు. ఆరు నెలలకు, 5,500 మైళ్లు తిరిగిన తరువాత కొనుగోలుదారు దానిని తిరస్కరించాడు. బండి నడుస్తూనే ఉన్నది కదా అన్నది కింది కోర్టు దృష్టి. అప్పీలు కోర్టు దానిని అంగీకరించలేదు. ఒక చోటి నుంచి మరొక చోటికి చేర్చడమే వాహన ప్రయోజనం కాదనీ, తగినంత సౌకర్యం, నమ్మకం, ఆ వాహనం పట్ల యజమానికి ఉండే గర్వం కూడా దాని నాణ్యతలో భాగమనీ న్యాయమూర్తి మస్టిల్ వివరించారు.

ఆ తీర్పులోని రెండవ అంశం మన చర్చకు మరింత దగ్గరిది. తయారీదారు వారంటీ ఉన్నది కనుక కొనుగోలుదారు కొన్ని లోపాలను సహించాలన్న వాదనను కోర్టు తోసిపుచ్చింది. వారంటీ కొనుగోలుదారు హక్కులకు అదనమే తప్ప, వాటిని తగ్గించేది కాదని తేల్చింది. 1994లో వస్తు విక్రయ చట్టాన్ని సవరించినప్పుడు 'అమ్మదగిన నాణ్యత' స్థానంలో 'సంతృప్తికరమైన నాణ్యత' వచ్చింది. భద్రత, మన్నిక, చిన్న లోపాలు సైతం లేకపోవడం అందులో చేరాయి.

రుజువు భారాన్ని తిప్పివేసినది 1999 నాటి యూరోపియన్ ఆదేశం. వస్తువు అందిన ఆరు నెలలలోపు బయటపడిన లోపం మొదటి నుంచీ ఉన్నట్టే భావించాలి, కాదని నిరూపించవలసినది అమ్మకందారు. బ్రిటన్ దీనిని 2003లో అమలులోకి తెచ్చింది. అదే దేశపు 2015 వినియోగదారుల హక్కుల చట్టం ఈ సూత్రాన్ని నిలుపుకొని, 30 రోజులలోపు వస్తువును తిరస్కరించే హక్కును స్పష్టపరచింది. ఆ తరువాత ఒక్కసారి మరమ్మతుకు అవకాశమిచ్చి, అది విఫలమైతే తిరస్కరించవచ్చు. డిస్కవరీ వంటి వాహనాల బ్రేకు లోపాలు ఆరు నెలలు దాటిన తరువాత బయటపడితే మాత్రం రుజువు భారం తిరిగి కొనుగోలుదారు మీదనే పడుతుంది.

అమెరికా మరొక దారి పట్టింది. 1975 నాటి మాగ్నసన్–మాస్ చట్టం వారంటీ రాతను సులభంగా అర్థమయ్యేలా ఉంచాలని కోరింది. వాహనాన్ని తమ సంస్థ విడిభాగాలతోనే, తమ వద్దనే బాగుచేయించాలని వారంటీకి షరతు పెట్టడాన్ని సాధారణంగా నిషేధించింది. 1982లో కనెక్టికట్ రాష్ట్రం మొదలుపెట్టిన 'లెమన్' చట్టాలు, పలుమార్లు మరమ్మతు చేసినా బాగుపడని కొత్త కారును తిరిగి తీసుకొనే బాధ్యతను తయారీదారు మీద ఉంచాయి.

7. ఫిర్యాదు నుంచి రీకాల్ దాకా

వ్యక్తిగత వివాదం సామూహిక సమాచారంగా మారడం ఈ చరిత్రలో తరువాతి దశ. దీనికీ ఒక ఎస్‌యూవీయే కారణమైంది. ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్‌లకు అమర్చిన ఫైర్‌స్టోన్ టైర్ల ప్రమాదాల నేపథ్యంలో 2000 నవంబరులో అమెరికాలో ట్రెడ్ చట్టం వచ్చింది. దాని కింద తయారీదారులు తమకు అందిన వారంటీ క్లెయిముల సంఖ్యలను ప్రభుత్వ రహదారి భద్రతా సంస్థకు నివేదించవలసి వచ్చింది. సంస్థ లెక్కల పుస్తకంలో ఖర్చుగా మాత్రమే ఉండిన వారంటీ క్లెయిము, ప్రజాభద్రతకు సాక్ష్యంగా మారింది.

ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేకుల విషయంలో దీని ఫలితం 2023 జులైలో స్పష్టంగా కనిపించింది. 2021–2023 నమూనాల ఎఫ్-150 పికప్‌లను 8,70,000కు పైగా ఫోర్డ్ అమెరికాలో రీకాల్ చేసింది. వెనుక వైర్ల కట్ట ఇరుసు తొడుగుకు రాసుకొని ఒరిసిపోవడం వల్ల, డ్రైవర్ ప్రమేయం లేకుండానే పార్కింగ్ బ్రేకు పడే అవకాశం ఉందని తేలింది. వైర్ల ఒరిపిడికి సంబంధించి ఉత్తర అమెరికాలో 918 వారంటీ క్లెయిములు అందాయనీ, వాటిలో 299 సందర్భాలలో బ్రేకు అనుకోకుండా పడిందనీ, అందులో 19 వాహనం నడుస్తుండగా జరిగాయనీ సంస్థ వెల్లడించింది. 918 మంది విడివిడిగా వర్క్‌షాపులకు వెళ్లి చెప్పుకొన్న మాటలే లక్షల మంది భద్రతకు ఆధారమయ్యాయి. వాటిలో ప్రతి ఒక్కదానినీ అరుగుదలగా కొట్టిపారేసి ఉంటే ఆ లెక్క తయారయ్యేదే కాదు.

లోపానికి మూలం ఎన్ని చోట్ల ఉండగలదో మరో రెండు ఉదాహరణలు తెలుపుతాయి. 2016 అక్టోబరులో హోండా అమెరికాలో సుమారు 3,50,000 సివిక్ కార్లను వెనక్కి పిలిచింది. ఇంజన్ ఆపిన వెంటనే బటన్ నొక్కితే బ్రేకు పడకపోవచ్చు. దానికి పరిష్కారం సాఫ్ట్‌వేర్ మార్పు. 2017 ఏప్రిల్‌లో టెస్లా ప్రపంచవ్యాప్తంగా సుమారు 53,000 మోడల్ ఎస్, మోడల్ ఎక్స్ వాహనాలను పిలిచింది. బయటి సరఫరాదారు అందించిన బ్రేకులోని ఒక చిన్న గేరు సరిగ్గా తయారు కాకపోవడం దానికి కారణం. ఒక చోట తీగ, ఒక చోట ఆదేశాల వరుస, ఒక చోట గేరు పన్ను. మూడింటిలోనూ యజమానికి కనిపించేది మాత్రం ఒకే హెచ్చరిక దీపం.

8. భారతీయ సందర్భం

2008లో టాటా మోటార్స్ ఫోర్డ్ నుంచి జాగ్వార్ ల్యాండ్ రోవర్‌ను కొనుగోలు చేయడంతో డిస్కవరీ చరిత్ర మనకు దూరపు కథగా మిగలలేదు. 2017లో భారత్‌లో విడుదలైన జీప్ కంపాస్, 2021లో వచ్చిన మహీంద్రా ఎక్స్‌యూవీ700 వంటి వాహనాలతో ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేకు మన రోడ్ల మీదికీ వచ్చింది. 2019 నుంచి పెనుకొండ సమీపంలోని కియా కర్మాగారంలో ఎస్‌యూవీలు తయారవుతున్నాయి. ఈ వాహనాలు తెలుగు నేల మీద అమ్మకానికే కాదు, తయారీకి కూడా చేరాయి.

చట్టపరంగా మన ఆధారం 1930 నాటి వస్తు విక్రయ చట్టం. బ్రిటన్ వదిలిపెట్టిన 'అమ్మదగిన నాణ్యత' అన్న కొలమానమే దాని 16వ సెక్షన్‌లో నేటికీ ఉంది. 1986 వినియోగదారుల రక్షణ చట్టం సులభమైన వేదికను కల్పించింది గాని, పరీక్ష లేకుండా తేల్చలేని లోపాన్ని ప్రయోగశాలకు పంపే పద్ధతిని, అందుకయ్యే రుసుమును ఫిర్యాదుదారే జమచేయాలన్న నియమాన్ని కూడా పెట్టింది. తయారీ లోపాన్ని నిపుణుల నివేదికతో నిరూపించాలని కమిషన్లు తరచు కోరడం ఫిర్యాదుదారుకు పెద్ద ఆటంకం.

2006లో మారుతి ఉద్యోగ్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మరొక మైలురాయి. క్లచ్ లోపానికి కారునే మార్చి ఇవ్వాలన్న ఆదేశాన్ని కోర్టు సమర్థించలేదు. వారంటీ షరతు లోపమున్న భాగాన్ని బాగుచేయడానికో మార్చడానికో పరిమితమని పేర్కొంది. రేంజ్ రోవర్ తీర్పులో వారంటీ హక్కులకు అదనంగా కనిపిస్తే, ఇక్కడ అది హక్కుకు హద్దుగా కనిపిస్తుంది. రెండు కేసుల వాస్తవాలు, చట్టాలు వేరైనా, ఈ దృక్పథ భేదం పరిశోధకులు లోతుగా చర్చించదగినది.

2020 జులై నుంచి అమలులోకి వచ్చిన 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఈ పరిస్థితిని కొంత మార్చింది. దాని 84వ సెక్షన్ ప్రకారం వస్తువు వల్ల కలిగిన హానికి తయారీదారు బాధ్యత వహించాలి. స్పష్టంగా ఇచ్చిన వారంటీకి వస్తువు అనుగుణంగా లేకపోతే, ఆ వారంటీ ఇవ్వడంలో నిర్లక్ష్యం లేదని నిరూపించుకున్నా బాధ్యత తప్పదు. అదే ఏడాది మోటారు వాహనాల చట్టానికి చేర్చిన 110-ఏ సెక్షన్ లోపభూయిష్టమైన వాహనాలను రీకాల్ చేయమని ఆదేశించే అధికారాన్ని కేంద్ర ప్రభుత్వానికి ఇచ్చింది.

జ్ఞానం ఎవరి చేతిలో ఉన్నదన్న ప్రశ్నను నేరుగా ఎత్తినది కాంపిటీషన్ కమిషన్. విడిభాగాలను, లోపనిర్ధారణ పరికరాలను, సాంకేతిక సమాచారాన్ని స్వతంత్ర మెకానిక్కులకు అందనివ్వడం లేదంటూ 2014 ఆగస్టు 25న 14 కార్ల సంస్థలకు సుమారు 2,544 కోట్ల రూపాయల జరిమానా విధించింది. బయట మరమ్మతు చేయించారన్న ఒక్క కారణంతో వారంటీని పూర్తిగా రద్దు చేసే షరతు పెట్టరాదని కూడా ఆదేశించింది. ఆ ఆదేశంలోని తర్కం ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేకుకు అక్షరాలా వర్తిస్తుంది.

ఇక భాష. వారంటీ పుస్తకం, లోపనిర్ధారణ నివేదిక, జాబ్ కార్డు సాధారణంగా ఇంగ్లీషులోనే ఉంటాయి. ఫిర్యాదును తెలుగులో చెప్పుకోగల యజమాని, తన ఫిర్యాదును తిరస్కరించిన కారణాన్ని తెలుగులో చదవలేడు. పరిపాలనా పదకోశాలు 'వినియోగదారుడు', 'ఉత్పత్తి బాధ్యత' వంటి మాటలను ఇచ్చాయి గాని, 'అరుగుదల', 'సర్దుబాటు', 'తయారీ లోపం', 'రూపకల్పన లోపం' అన్న భేదాలు వ్యవహారంలో స్థిరపడలేదు. మెకానిక్కుల వాడుకలోని 'పట్టేసింది', 'జారుతోంది', 'లూజైంది' వంటి క్రియలు లోపలక్షణాన్ని కచ్చితంగా చెప్పగలవు. సాంకేతిక పదజాల నిర్మాణం నిఘంటువు నుంచి కాక వర్క్‌షాపు నుంచి మొదలైతే ప్రయోజనం ఎక్కువ.

9. ముగింపు

పై పరిశీలన నుంచి తేలిన అంశాలు ఇవి:

* లివర్ బటన్‌గా మారడం వల్ల, లోపాన్ని గుర్తించే సామర్థ్యం యజమాని చేతి నుంచి తయారీదారు పరికరానికి తరలిపోయింది. డిస్కవరీ 3 ఈ మార్పుకు స్పష్టమైన ఉదాహరణ.
* వారంటీ వర్తించని భాగమూ వర్తించే భాగమూ ఒకదానిపై ఒకటి ఆధారపడినప్పుడు, అరుగుదలకూ లోపానికీ మధ్య గీత సాంకేతికంగా గాక వాదనాపటిమతో గీయబడుతున్నది.
* రుజువు భారాన్ని నిర్ణీత కాలం పాటు అమ్మకందారుపై ఉంచిన యూరోపియన్ సూత్రం, వారంటీ క్లెయిములను ప్రభుత్వానికి నివేదించే అమెరికన్ సూత్రం ఈ అసమానతకు రెండు సమాధానాలు. భారతీయ చట్టాలలో బాధ్యత విస్తరించింది గాని, రుజువు భారం ఇంకా ప్రధానంగా ఫిర్యాదుదారు పైనే ఉంది.
* ప్రతి వారంటీ తిరస్కరణకూ లోపసంకేతాల ప్రతిని, కారణాన్ని యజమానికి అర్థమయ్యే భాషలో లిఖితపూర్వకంగా ఇవ్వడం తప్పనిసరి చేస్తే వివాదాలలో చాలా భాగం కోర్టు దాకా వెళ్లకుండానే తేలే అవకాశం ఉంది.

20 శాతం వాలు మీద బండిని నిలపగలిగినప్పుడే పార్కింగ్ బ్రేకు చట్టం ముందు నిలుస్తుంది. వారంటీకి అలాంటి కొలత ఇంకా ఏర్పడలేదు. ఎవరు పూచీ అన్న పాత ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పగలగడమే ఆ కొలతకు ప్రారంభం కావాలి.